శనివారం సంత.. యాప్‌లో మాత్రం శుక్రవారం!

పెబ్బేరు సంత ఎప్పుడంటే చుట్టుపక్కల ఎవరైనా శనివారం అనే చెప్తారు. ఆ సంతలో రసీదులిచ్చే వెబ్ యాప్ మీరే రాశారనుకోండి. తెల్లవారుజామున 4.30కి గొర్రెల బండి వచ్చింది, ఎంట్రీ కొట్టారు. రసీదు మీద శుక్రవారం తేదీ పడింది! ఫోన్ టైమ్ కరెక్టే, సర్వర్ కూడా బాగానే ఉంది. మరి తేడా ఎక్కడ?

జావాస్క్రిప్ట్‌లో చాలామంది వాడే షార్ట్‌కట్‌లో. 'టూ ఐఎస్ఓ స్ట్రింగ్' పిలిచి మొదటి 10 అక్షరాలు కట్ చేసుకుంటారు. అది ఇచ్చేది యూటీసీ తేదీ. మన టైమ్ దానికన్నా 5.30 గంటలు ముందుంటుంది కాబట్టి, అర్ధరాత్రి నుంచి ఉదయం 5.30 లోపు ఏం నమోదు చేసినా నిన్నటి తేదీయే పడుతుంది. మనం టెస్ట్ చేసేదేమో పగలు. అప్పుడంతా పర్ఫెక్ట్!

దేశమంతా ఒకటే టైమ్, డేలైట్ సేవింగ్ గొడవ లేదు. మనవాళ్లు ఈ బగ్స్‌ని పట్టించుకోకపోవడానికి అసలు కారణం ఈ సుఖమే అంటాను. పుట్టిన తేదీ సంగతే చూడండి. '2004-08-15' అని ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. మన ఫోన్‌లో అది 15 ఉదయం 5.30, తేదీ మారదు. అదే పేజీని డల్లాస్‌లో ఉన్న అన్నయ్య తెరిస్తే 14 సాయంత్రం 7! రివర్స్‌లోనూ అంతే. క్యాలెండర్‌లో 15 నొక్కితే ఇక్కడి అర్ధరాత్రి సర్వర్‌కి చేరేసరికి 14వ తేదీ 18:30 అయిపోతుంది. మీ డేటాబేస్‌లో వరుసగా 18:30:00 కనిపిస్తుంటే ఓసారి అనుమానించండి.

'అన్నీ యూటీసీలో పెట్టేయ్' అనే సలహా సగమే కరెక్ట్. పేమెంట్, లాగిన్ లాంటి జరిగిపోయిన క్షణాలకు ఓకే. పుట్టినరోజు క్షణం కాదు, వట్టి తేదీ. దాన్ని డేట్ టైప్‌లోనే ఉంచాలి. ఇక డల్లాస్‌లో వచ్చే ఏప్రిల్‌లో ఉదయం 9కి మీటింగ్ ఉందంటే, అక్కడి టైమ్‌తో పాటు 'అమెరికా/షికాగో' అనే జోన్ పేరు కూడా దాచాలి. మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారం గంట ముందుకు జరుగుతుంది, మనతో తేడా 11.30 నుంచి 10.30 గంటలకు తగ్గుతుంది. మైనస్ 6 అని నంబర్ రాసి పెట్టుకున్న యాప్ ఆ రోజు గంట తప్పుతుంది. (పంచాంగం వేసేవాళ్లు మనకన్నా నయం, ఏ ఊరికో తేల్చుకోకుండా తిథి టైమ్ చెప్పరు!)

డెమో ఇచ్చే ముందు ల్యాప్‌టాప్ జోన్‌ని షికాగోకి మార్చి ఒకసారి, టైమ్‌ని రాత్రి 2 గంటలకు పెట్టి ఇంకోసారి యాప్ నడిపి చూడండి. సంత యాప్‌కైతే 'ఏషియా/కోల్‌కతా' జోన్‌లో తేదీ అడిగితే చాలు. బ్రౌజర్‌లోనే ఉన్న 'డేట్ టైమ్ ఫార్మాట్' ఆ పని చేసేస్తుంది, వేరే లైబ్రరీ కూడా అక్కర్లేదు.