తాత పేరు ఏ లెక్కలో ఉంది?

ముత్తాత పేరు అడిగితే మనలో చాలామందిమి చెప్పగలం. ఆయన ఏ చేలో నాగలి పట్టాడు, ఆ చేను సొంతమా కౌలా, లేక పాలేరుగా చేశాడా అని అడిగితే మాత్రం నోరు మెదపలేం. మూడు తరాలు దాటితే మన సేద్యం సంగతి మనకే తెలియదు. తెలుసుకునే దారి ఉంది రైతు సోదరులారా. కాని ఆ దారి అందరికీ ఒక్కలా లేదు. అదే ఇక్కడ చెప్పదలచిన విషయం.

ముందు దారి చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. మెట్ట చేలు మాగాణి అయ్యాయి. ఏ చేను ఎంత, నేల తరం ఏమిటి, శిస్తు ఎంత అని తేల్చడానికి ఆనాటి సర్కారు సర్వేలు, సెటిల్‌మెంట్లు చేయించింది. తర్వాత మళ్లీ సవరించి రాసిందే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. ఆఫీసుల్లో ఆర్.ఎస్.ఆర్. అంటారు. పాత నంబరు, కొత్త నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి.

వెతికేటప్పుడు ఇప్పటి నుంచి వెనక్కి వెళ్లాలి. మొదట 1-బి, అడంగల్ చూసి సర్వే నంబరు రాసుకోండి. రీసర్వే జరిగిన ఊళ్లలో కొత్త ఎల్.పి. నంబర్లు వచ్చాయి కాబట్టి పాత నంబరు పోగొట్టుకోవద్దు. ఆ నంబరుతో తహసీల్దారు కార్యాలయంలో ఆర్.ఎస్.ఆర్. నకలుకు దరఖాస్తు పెట్టండి. అమ్మకాలు, తాకట్లు, పంపకాలు రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో జాడ దొరుకుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజుల సూచికలు రుసుం కట్టి ఎవరైనా చూడొచ్చు. మాన్యం భూమి అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగాలి. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఆనాటి లెక్కలు చదవడం తెలిసిన పెద్దలు ఊళ్లో ఇంకా ఉంటే ఇప్పుడే వెళ్లి కూర్చోండి.

ఇంకో సంగతి. తణుకు, నరసాపురం, భీమవరం వైపు తాలూకాలు మొదట గోదావరి జిల్లాలో ఉండేవి. 1904లో కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా అయ్యాయి. పెనుగొండ ప్రాంతం పాత కాగితం ఏ జిల్లా పేరు మీద ఉందో ఏడాదిని బట్టి చూసుకోవాలి.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఇవన్నీ శిస్తు కోసం రాసిన లెక్కలు. శిస్తు కట్టే పట్టాదారు పేరు ఎక్కింది గాని, బురదలో దిగి దున్నిన కౌలుదారు పేరు గాని, ఊడ్చిన ఆడమనిషి పేరు గాని ఎక్కలేదు. ఈ బాధ మనకొక్కరికే కాదు. దూరాన స్కాట్లాండులో భూమి చేతులు మారితే రాసే రిజిస్టరు 1617 నుంచే ఉంది. అయినా సొంత భూమి లేని కౌలు రైతు పేరు అందులో కనబడదు. అక్కడి నుంచి వలస పోయినవారి వారసులు ఇప్పుడు జమీందారుల శిస్తు పుస్తకాల్లో, 1841 నుంచి పేర్లతో రాసిన జనాభా లెక్కల్లో తాతల్ని వెతుక్కుంటున్నారు. మన జనాభా లెక్కల్లో ఆ పేర్లు బయటికి రావు. కాబట్టి మన కౌలుదారుకు ఆ ఆధారం కూడా లేదు.

పేరు లేకపోతే నష్టమేమిటంటారా? చుక్కల భూములు చూడండి. ఆర్.ఎస్.ఆర్.లో పట్టాదారు పేరు తేలని చోట చుక్కలు పెట్టి వదిలేశారు. ఎవరో గుమాస్తా పెట్టిన ఆ చుక్కల వల్ల మనవల కాలంలో ఆ భూములు నిషేధిత జాబితాకెక్కాయి. అమ్ముకోవాలన్నా, తాకట్టు పెట్టాలన్నా తిప్పలే. అనుభవంలో ఉన్నవారి పేర్లు ఎక్కించడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

నేటి కౌలు రైతు కూడా లెక్కల్లో ఒక చుక్కే. 2011లో రుణ అర్హత కార్డులన్నారు. 2019 చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఇస్తామంది గాని, యజమాని ఒప్పుకుంటేనే అని షరతు పెట్టింది. ఆ పత్రం భూమి మీద హక్కు ఇవ్వదు, పంట మీదే ఇస్తుంది. అయినా చేను పోతుందేమోనన్న భయంతో సంతకానికి వెనకాడే యజమానులున్నారు. కౌలు నోటిమాటగానే నడుస్తుంది. పంట మునిగితే పరిహారం ఎవరి పేరున రాయాలన్న తగువు మిగులుతుంది.

పొలం ఇచ్చిన ఆసాములకు ఒక్క మాట. కౌలుదారు పేరు రాస్తే మీ గట్టు కదలదు. ఆ సంతకం పెట్టండి. కౌలు చేసే తమ్ముళ్లకు ఒక మాట. ఈ-పంట నమోదులో సాగుదారుగా మీ పేరే ఎక్కిందో లేదో రైతు సేవా కేంద్రానికి వెళ్లి స్వయంగా చూసుకోండి. ఇంటి ఆడవాళ్ల పేరున ఉన్న సెంటు భూమైనా వాళ్ల పేరే రాయించండి. శిస్తు రశీదులు, పాత దస్తావేజులు పెట్టె అడుగున చెదలు తిననీయకండి. ఒక పుస్తకంలో ఏ ఏడు ఏ చేను ఎవరు చేశారో రెండు ముక్కలు రాసి పెట్టండి.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఒకటుంది. భూమి ఎవరిది అన్న గడి ఎంత జాగ్రత్తగా నింపుతారో, పండించేది ఎవరు అన్న గడి అంతే జాగ్రత్తగా నింపాలి. అడంగల్‌లో అనుభవదారు గడి ఉన్నది అందుకే. ఏటా చేలోకి వచ్చి చూసి రాస్తే చాలు, దానికి కొత్త పథకం అక్కర్లేదు.