హైడ్రోజన్ బుట్టలో నాన్న డబ్బు

జింకు ముక్కల మీద సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే బుడగలు లేస్తాయి. ఆ వాయువు దగ్గరకు మండుతున్న పుల్ల తెస్తే 'టప్'మని శబ్దం చేసి మండుతుంది. హైస్కూల్లో మా సైన్సు మాస్టారు ఈ ప్రయోగం చేసి చూపించిన రోజున క్లాసంతా చప్పట్లు కొట్టాం. హైడ్రోజన్‌తో నా తొలి పరిచయం అదే. అదే హైడ్రోజన్ ఒకనాడు మా ఇంటి వసారాలోకి వచ్చి, నాన్న డబ్బు సంగతిలో నన్ను పరీక్షకు నిలబెడుతుందని అప్పుడు అనుకోలేదు.

మాది పల్నాడులో మిరప వేసే కుటుంబం. 2023లో మిరపకు మంచి ధర పలికింది. అప్పులు పోగా మిగిలిన మూడు లక్షలు చెల్లి చదువు కోసమని నాన్న బ్యాంకులో వేశాడు. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా పెదనాన్నగారి అబ్బాయి ఆ సంగతి విని, "బ్యాంకులో ఏం పెరుగుద్ది బాబాయ్? రేపటి ప్రపంచమంతా హైడ్రోజన్‌దే. ఆ కంపెనీలన్నీ కలిపి ఇ.టి.ఎఫ్. అని ఒక బుట్టగా అమ్ముతున్నారు. ఇక్కడి నుంచి కూడా కొనుక్కోవచ్చు" అన్నాడు. నాన్న నా వైపు తిరిగి, "నువ్వు చదివేది సైన్సే గదరా, నువ్వు చెప్పు" అన్నాడు.

మూడేళ్లుగా రసాయనశాస్త్రం చదువుతున్న నేను ఆ పూట నీళ్లు నమిలాను. ఆనాడు చెప్పలేని జవాబే ఈ వ్యాసం. మన హాస్టల్లో ఫోన్లలో షేర్లు కొనే మిత్రులు చాలామందే ఉన్నారు గనుక, ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదనుకుంటాను.

ముందు శాస్త్రం మాట. హైడ్రోజన్ అబద్ధం కాదు. కిలో హైడ్రోజన్‌లో సుమారు 33 యూనిట్ల శక్తి ఉంటుంది. మండితే వచ్చేది నీరే. బొగ్గు అయిపోయిన నాడు గాలిమరల కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను దాచుకుంటారని 1923లోనే జె.బి.ఎస్. హాల్డేన్ కేంబ్రిడ్జిలో జోస్యం చెప్పారు. తరువాత మన దేశ పౌరుడై 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన శాస్త్రజ్ఞుడే ఆయన. అంటే ఈ ఆశకు నూరేళ్లు దాటాయి.

మరి ఇన్నాళ్లూ ఆశగానే ఎందుకు మిగిలింది? లెక్క వేసి చూద్దాం. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. దాన్ని ఫ్యూయల్ సెల్‌లో మళ్లీ కరెంటుగా మార్చుకుంటే చేతికొచ్చేది 16, 17 యూనిట్లు. వాయువును నొక్కి నిలవచేసి మోసే ఖర్చు అదనం. మూడు బస్తాలు విత్తి ఒక బస్తా కోసినట్టు! అందుకే బ్యాటరీ సరిపోయే చోట హైడ్రోజన్ నెగ్గడం కష్టం.

అయితే అది లేకుండా జరగని పనులున్నాయి. అందులో ఒకటి మా పొలం గట్టు మీదే ఉంది. 60 గ్రాముల యూరియాకు 34 గ్రాముల అమోనియా కావాలి. ఆ అమోనియాలో హైడ్రోజన్ 6 గ్రాములు. ఈ లెక్కన 45 కిలోల యూరియా బస్తా వెనుక నాలుగున్నర కిలోల హైడ్రోజన్ ఉంది. ఎరువుల కర్మాగారాల్లో దాన్ని ప్రధానంగా సహజవాయువు నుంచి తీస్తారు. ఆ వాయువులో పెద్ద భాగం మన దేశానికి దిగుమతే. అదే హైడ్రోజన్‌ను నీటి నుంచి తీయాలంటే బస్తాకు దాదాపు 250 యూనిట్ల కరెంటు, అంటే మా ఇంటికి రెండు నెలలు వచ్చేంత కావాలి. పైగా యూరియాకు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి గనుక, హరిత అమోనియాను డి.ఎ.పి., కాంప్లెక్సు ఎరువుల్లో వాడడం తేలిక. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030కి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యం. మన అనకాపల్లి జిల్లా పూడిమడకలో హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ మంచి పనులే. రేపు అక్కడ ఉద్యోగం దొరికితే నేనే మొదట సంతోషిస్తాను.

కాని హైడ్రోజన్ వేరు, హైడ్రోజన్ పేరు పెట్టుకున్న బుట్ట వేరు.

ఇ.టి.ఎఫ్. అంటే ఎక్స్చేంజి ట్రేడెడ్ ఫండ్. కొన్ని కంపెనీల వాటాలను కలగలిపి, ఆ కలగలుపును స్టాక్ మార్కెట్లో ఒక్క షేరులా అమ్ముతారు. ఆలోచన మంచిదే. మన దేశంలో 2002 నుంచి నడుస్తున్న నిఫ్టీ బీస్‌లో బ్యాంకులు, సిమెంటు, మందులు, మోటార్లు అన్నీ ఉంటాయి. ఒక రంగం కుంటితే ఇంకోటి నడుస్తుంది. మా అన్న కూడా అదే చెప్పాడు: "ఒక్క కంపెనీ కాదు బాబాయ్, పాతిక కంపెనీలు. ఒకటి పోయినా ఇంకోటి నిలబడుద్ది."

నాన్న కాసేపు ఆలోచించి, "పాతికా మిరపే గదరా?" అన్నాడు.

ఆ మాట విలువ నాకు తరువాత తెలిసింది. 2021లో మా ప్రాంతంలో తామర పురుగు పడింది. మా ఊళ్లో ఎవరి చేలో ఏ రకం మిరప ఉందని అది అడగలేదు. నాలుగు రకాలు వేసిన రైతూ మునిగాడు, ఒక రకం వేసిన రైతూ మునిగాడు. పక్కన కందో జొన్నో వేసినవాడు కొంత తేరుకున్నాడు. హైడ్రోజన్ బుట్టలో కంపెనీలు పాతికైనా, కరెంటు ధర పెరిగినా, ప్రభుత్వం రాయితీ తగ్గించినా, వడ్డీలు పెరిగినా అన్నింటికీ ఒకేసారి దెబ్బ.

జరిగింది కూడా అదే. 2020లో హైడ్రోజన్ షేర్లు వెర్రిగా పెరిగాయి. అమెరికాలోని ప్లగ్ పవర్ షేరు 2021 జనవరిలో 70 డాలర్లు దాటింది. ఆ ఊపు చూసి 2021 ఫిబ్రవరి, జూలై నెలల మధ్య లండన్లో, న్యూయార్కులో హైడ్రోజన్ పేరిట వరుసగా నిధులు వెలిశాయి. ఆ తరువాత? 2023 నవంబరులో ప్లగ్ పవర్ తన వ్యాపారం కొనసాగడం మీదే సందేహముందని తానే ప్రకటించింది. 2025లో ఒక దశలో దాని షేరు ఒక్క డాలరు లోపుకు దిగింది. 2021 జూలైలో మొదలైన గ్లోబల్ ఎక్స్ వారి హైడ్రోజన్ నిధిలో నూరు పెట్టినవాడికి మూడేళ్లకు యాభై కూడా మిగల్లేదు. హైడ్రోజన్ లారీలు చేస్తామన్న నికోలా కంపెనీ, వాలు మీద దొర్లించిన లారీని నడుస్తున్నట్టు వీడియోలో చూపింది. 2025 ఫిబ్రవరిలో దివాలా తీసింది.

ఈ కథ మిరప రైతుకు కొత్త కాదు. 2023లో ధర చూసి అందరూ మిరపే వేశారు. 2025 ఫిబ్రవరి నాటికి క్వింటాలుకు 11,781 రూపాయలతో కేంద్రం మార్కెట్ జోక్యానికి దిగవలసి వచ్చింది. ధర పెరిగాక నారు పోసేవాడు కోత నాటికి పడిపోయిన ధర దగ్గర నిలబడతాడు. ధర పెరిగాక బుట్ట అల్లేవాడి సంగతీ అంతే. తేడా ఏమంటే, ధర పడినా బుట్ట అల్లినవాడికి తన రుసుము వస్తూనే ఉంటుంది. మా యార్డులో కమీషన్ వ్యాపారిలాగే!

"2025లో అవి మళ్లీ లేచాయి కదా" అని మా అన్న అనవచ్చు. నిజమే, కొన్ని బాగానే లేచాయి. లేపిన వాటిలో ముఖ్యమైనది బ్లూమ్ ఎనర్జీ. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లకు అది కరెంటు యంత్రాలు అమ్ముతోంది. ఆ యంత్రాలు ఎక్కువగా నడిచేది సహజవాయువుతో! హైడ్రోజన్ బోర్డు కట్టిన బండిని గ్యాసు లాగిందన్న మాట.

"కొంటే దేశానికీ, పర్యావరణానికీ మేలు" అనేవారున్నారు. మార్కెట్లో మనం షేరు కొన్నప్పుడు డబ్బు సాధారణంగా వెళ్లేది దాన్ని అమ్మినవాడి జేబులోకి. పూడిమడకలో ఇటుక పేర్చడానికి కాదు.

అలాగని ఎవరూ కొనకూడదని నేను అనను. పోయినా అన్నం మానవలసిన అవసరం లేని డబ్బు ఉన్నవాడు, పదేళ్లు ఆగగలిగినవాడు, తన పొదుపులో చిన్న భాగం పెట్టుకుంటే అది అతని ఇష్టం. కొనే ముందు బుట్ట మూత తీసి చూడండి. లోపలి కంపెనీలు లాభంలో ఉన్నాయా? నిధి ఏటా ఎంత రుసుము కోస్తుంది? అన్నింటికన్నా ముఖ్యంగా, ఆ వసారాలో నాన్న అడిగిన రెండో ప్రశ్న అడగండి: "ఇంతకీ ఆ గాలిని ఆ ధరకి కొనేవాడెవడు?" చాలా దేశాల్లో ప్రకటించిన హైడ్రోజన్ పథకాలు కాగితం మీదే ఆగిపోతున్నది ఈ ప్రశ్న దగ్గరే. ఏడో తరగతితో చదువు ఆపిన మా నాన్నకు తట్టిన ప్రశ్న నాకు తట్టలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

మొన్న సెలవులకు ఇంటికి వెళ్లి ఇదంతా నాన్నకు చెప్పాను. మొత్తం విని, "అయితే చెల్లి ఫీజు కట్టేద్దాం" అన్నాడు. కట్టేశాం. మా చెల్లి ఇంజనీరింగులో తీసుకున్నది కెమికల్ బ్రాంచి. రేపు ఎరువుల కర్మాగారంలో చవకగా హైడ్రోజన్ తీసే పని దానికి దొరికితే, మా ఇంటి డబ్బు నిజంగా హైడ్రోజన్ మీద పెట్టినట్టే.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి