సగటు చాటున మనవారు

భాషలు, జాతులు ఎక్కువైతే దేశం ఎదగదన్న వాదాన్ని న్యాయశాస్త్రం చదివే రోజుల నుంచీ వింటున్నాను. దానితో నేను ఏకీభవించను. 2016లో అలెసినా, మిఖలోపౌలోస్, పాపయోన్ను అనే ఆర్థికవేత్తలు ఉపగ్రహాలు చిత్రించిన రాత్రివేళ వెలుగులను జాతుల నివాస ప్రాంతాల పటాలతో పోల్చి చూశారు. దేశాల పేదరికంతో బలంగా ముడిపడి కనిపించింది జాతుల సంఖ్య కాదు, జాతుల మధ్యనున్న ఆర్థిక అంతరం.

అంతరాన్ని తగ్గించబోతే ఎదుగుదల ఆగిపోతుందన్నది మరో భయం. మలేషియాను చూద్దాం. 1969 మే 13న కౌలాలంపూర్‌లో చెలరేగిన జాతి అల్లర్ల తర్వాత, 1971లో అక్కడి ప్రభుత్వం నూతన ఆర్థిక విధానం చేపట్టింది. 1970లో కంపెనీల వాటా ధనంలో మలయుల చేతిలో ఉన్నది సుమారు 2.4 శాతమే. 1990 నాటికి వారికీ ఇతర స్థానిక జాతులకూ కలిపి 30 శాతం దక్కాలన్నది లక్ష్యం. అది పూర్తిగా నెరవేరలేదు. అయినా ఆ ఇరవై ఏళ్లలో ఉత్పత్తి ఏటా సగటున 6 శాతానికి మించి పెరిగింది. ద్వీపకల్ప మలేషియాలో దాదాపు సగం కుటుంబాలను పీడించిన పేదరికం ఐదో వంతు కంటే తక్కువ కుటుంబాలకు పరిమితమైంది.

ఇంతవరకూ మెచ్చదగినదే. అయితే ఆ లెక్కల్లో మనవారు ఎక్కడ? రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు, తమిళ కూలీలను 'భారతీయులు' అన్న ఒకే పద్దులో చేర్చారు. వకీళ్లు, వైద్యులు, వర్తకులు కూడా ఆ పద్దులోనివారే. అందువల్ల భారతీయుల సగటు ఆదాయం మలయుల సగటును మించి కనిపించింది. తోట కూలీ లేమి ఆ సగటు చాటున మరుగునపడింది. తోటలు అమ్ముడై పట్టణాలుగా మారినప్పుడు ఎన్నో కుటుంబాలు పనితోపాటు నివాసాన్నీ కోల్పోయాయి. 2007 నవంబరు 25న కౌలాలంపూర్ వీధుల్లోకి వేలాదిగా వచ్చిన భారతీయ సంతతివారి ఆవేదన వెనుక ఈ చరిత్ర ఉంది.

సాక్ష్యం లేని బాధ న్యాయస్థానంలో నిలవదని నా వృత్తి నాకు రోజూ నేర్పుతోంది. మన జనగణన మాతృభాషను అడుగుతుంది, ఆదాయాన్ని అడగదు. షోలాపురంలో మరమగ్గం నడిపే తెలుగు కార్మికుడికి మహారాష్ట్ర అభివృద్ధిలో దక్కిన పాలు ఎంతో ఆ లెక్క చెప్పలేదు. భాషా అల్పసంఖ్యాకుల ఆదాయం, భూమి, చదువు, ఉద్యోగాల వివరాలను విడివిడిగా, అందులోనూ వృత్తులవారీగా సేకరించాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-బి అధికరణం ప్రకారం ఏర్పడిన ప్రత్యేకాధికారి ముందు మనం మొదట ఉంచవలసిన కోరిక ఇదేనని నా అభిప్రాయం. లెక్కకు రానివారి వాటా కోసం వాదించడం ఏ వకీలుకూ సాధ్యం కాదు.