కోడులో పంక్తులను లాగి విడుచుట యుక్తమా?

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుటను మన బాలబాలికలు ఉన్నత పాఠశాలలోనే నేర్చుకొనుచున్న కాలమిది. ప్రోగ్రాము వ్రాయుటకు వారు వాడు సాధనమును ఎడిటరు అందురు. వ్రాయసకానికి కలమెట్టిదో ప్రోగ్రాము వ్రాయువానికి ఎడిటరట్టిది. పాళీ చెడినచో దస్తూరి మాత్రమే చెడును; ఎడిటరు ఏర్పాటు తగినది కానిచో వ్రాసినదాని యర్థమే మాఱిపోవచ్చును. అట్టి యేర్పాటులలో నొకదానిని గూర్చి మా యభిప్రాయమును ఈ సంచికయందు విన్నవించుచున్నాము. అది మౌస్‌తో మాటలను పట్టి లాగి వేఱొక చోట విడుచు సదుపాయము. దీనిని డ్రాగ్ అండ్ డ్రాప్ అని వాడుకలో పిలుచుచున్నారు.

ఈ విద్య నెఱుగని తల్లిదండ్రుల కొఱకు దీని తీరును ముందుగా చెప్పెదము. తెరపై నున్న మాటల మీద మౌస్ బటనును నొక్కిపట్టి జరిపినచో వానికి రంగు పట్టును. అనగా అవి ఎంపికయైనవి. ఎంపికయైన ఆ మాటల మీదనే మరల బటనును నొక్కిపట్టి చేయి జరిపినచో, ఈ మాఱు ఆ మాటలే చేతి వెంట నడచి, బటను విడిచిన చోట నిలుచును. విజువల్ స్టూడియో కోడ్, సబ్లైమ్ టెక్స్ట్ మొదలైన ప్రసిద్ధములగు ఎడిటరులలో ఈ సదుపాయము ఎవరును కోరకయే మొదటినుండియు పని చేయుచుండును. ఈమాక్స్ అను పాత ఎడిటరులో 2018వ సంవత్సరపు 26వ కూర్పునందు ఇది చేర్చబడినను, కావలెనన్నవారే దానిని తెఱచుకొనవలెను. ఈ రెండవ పద్ధతియే మేలని మా వాదము.

దోషములను చెప్పుటకు ముందు గుణములను చెప్పుట న్యాయము. లాగి విడుచువానికి మీటల జంటలను కంఠస్థము చేయు శ్రమ లేదు. కన్ను చూచిన చోటికే చేయి చేర్చును. అంతకుముందు నకలు తీసి దాచుకొన్న మాటలు చెడక నిలిచియుండును. ఉత్తరమో వ్యాసమో వ్రాయువారికి ఇది సుఖమైన సాధనమే. ఉత్తరములో ఒక వాక్యము తప్పుచోట పడినచో చదువరి దానిని వెంటనే గ్రహించును.

కోడు సంగతి వేఱు. ఐదుగురు విద్యార్థుల మార్కులు వరుసగా 40, 50, 60, 70, 80 అనుకొందము. వానిని కూడుటకు ఒక బాలుడు పైథాన్ భాషలో నాలుగు పంక్తుల ప్రోగ్రాము వ్రాసెను. మొదటి పంక్తి మొత్తమును సున్నతో ప్రారంభించును. రెండవది మార్కులను ఒక్కొక్కటిగా తీసికొను లూపు. మూడవది, కొంచెము లోపలికి జరిపి వ్రాయబడి, తీసికొన్న మార్కును మొత్తమునకు కూడును. నాలుగవది మొత్తమును తెరపై చూపును. ఫలితము 300. ఇప్పుడు మొదటి పంక్తి చేయి జాఱి లాగబడి, మూడవ పంక్తి యక్షరములకు ముందు పడినదనుకొందము. సున్న చేయు పని లూపు లోపలికి పోవును. కూడు పని దాని క్రిందికి దిగి లూపు వెలుపల పడును. కంప్యూటరు ప్రతిమాఱు మొత్తమును సున్న చేసి, తుదకు కడపటి మార్కును మాత్రము కూడి, 80 అని చూపును. భాషా నియమము తప్పలేదు గావున తప్పని చెప్పదు. ఒక్క యక్షరమైనను పోలేదు. ఒక్క యక్షరమైనను క్రొత్తగా చేరలేదు. చోటు మాత్రమే మాఱినది.

ఒక్క పంక్తి యుండరాని చోట నుండుట ఎంత దూరము పోగలదో 2014 ఫిబ్రవరిలో లోకమంతయు చూచెను. ఆపిల్ సంస్థవారి ఫోనులలోను కంప్యూటరులలోను రహస్య సంభాషణను కాపాడు కోడునందు ఒకే పంక్తి రెండు మాఱులు వరుసగా నుండుటచే, అటుపై జరుగవలసిన పరీక్ష జరుగకయే పోయెను. అది లాగి విడుచుటవలన వచ్చినదని మేము చెప్పుట లేదు. కోడునందు పంక్తి స్థానమునకు గల విలువను తెలుపుటకే దీనిని ఉదాహరించితిమి.

ఇక చేయి ఎట్లు జాఱును? ఒకడు నాలుగు మాటలను ఎంపిక చేసి, కాదనుకొని, అందు రెండింటినే ఎంపిక చేయ నెంచి, వాని మీదనే బటను నొక్కి జరుపును. అతడు ఎంపిక చేయుచున్నాననుకొనును, ఎడిటరు లాగుచున్నాడనుకొనును. చేతి కదలిక రెండింటికి నొక్కటే. క్రింద రంగు ఉన్నదా లేదా అను దానిని బట్టి దాని యర్థము మాఱుచున్నది.

ఇట్టి స్థితినే లారీ టెస్లర్ అను అమెరికా దేశపు నిపుణుడు జీవితమంతయు ఎదిరించెను. ఆయన టిమ్ మాట్‌తో కలిసి 1974, 1975 ప్రాంతమున జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమైన పార్క్‌లో జిప్సీ అను ఎడిటరును నిర్మించెను. నేడు మన మెఱిగిన కట్, కాపీ, పేస్ట్ అను పద్ధతి అందే రూపు దిద్దుకొనెను. అంతకుముందు ఎడిటరు ఏ స్థితిలో నున్నదో మఱచి అక్షరము నొక్కినచో అది అక్షరము గాక ఆజ్ఞయగుచుండెను. ఒకే చేష్ట ఒకప్పుడొకటి, ఒకప్పుడు మఱొకటి చేయరాదని టెస్లర్ పట్టుదల. తన కారు నంబరు పలకపై సయితము నో మోడ్స్ అని వ్రాయించుకొనెను. ఆయన 2020లో మరణించెను. ఆయన నియమముతో కొలిచినచో లాగి విడుచుట కోడు ఎడిటరునందు నిలువజాలదని మా నమ్మకము.

చేతి నేర్పు కూడ విచారింపవలసినదే. 1991లో మెకంజీ, సెలెన్, బక్స్టన్ అను మువ్వురు పరిశోధకులు, గుఱిని చూపి నొక్కుటను, నొక్కిపట్టి లాగుటను పోల్చి చూచి, లాగుటకు కాలము హెచ్చనియు తప్పులు హెచ్చనియు తేల్చిరి. చేయి వణకువారికిని, వ్రేళ్లు స్వాధీనములో లేనివారికిని ఆ కష్టము మఱింత పెద్దది. అందుచేతనే వెబ్ పేజీలు అందఱికి అందుబాటులో నుండవలెనని నియమములు చేయు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమువారు 2023 అక్టోబరులో ప్రకటించిన కూర్పునందు, లాగి చేయు పనిని లాగకయే చేయుటకును మార్గముండవలెనని చేర్చిరి.

తప్పు జరిగినచో అన్‌డూ కలదు గదా, కంట్రోల్, జెడ్ అను రెండు మీటలతో వెనుకటి స్థితి వచ్చును గదా యని కొందఱు అడుగుదురు. నిజమే. కాని అది తప్పును చూచినవానికే పనికివచ్చును. చూడని తప్పును ఎవడు సవరించును? అనుభవశాలి తన కోడును వెనుకటి ప్రతితో సరిపోల్చి తప్పును పట్టుకొనును. నెల దినముల క్రితము పైథాన్ మొదలుపెట్టిన బాలికకు ఆ యుపాయము తెలియదు. ఆమె సరిగానే వ్రాసెను, సరిగానే ఆలోచించెను. 300 రావలసిన చోట 80 రాగా, లెక్క తనకు రాదనియు, ఈ విద్య తనకు తగదనియు తలంచును. చేయి జాఱినందుకు బుద్ధిని నిందించుకొనును. మాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే. పంక్తి పోయినచో మరల వ్రాయవచ్చును. ధైర్యము పోయినచో దానిని మరల తెచ్చుట ఉపాధ్యాయులకును సులభము కాదు.

కావున మేము కోరునది నిషేధము కాదు. లాగి విడుచుట ఇష్టమైనవారును, మీటలకన్న మౌసే తమ చేతికి అనువైనవారును దానిని తెఱచుకొందురు గాక. కాని మొదట అది మూయబడియుండవలెను. విజువల్ స్టూడియో కోడ్ ఏర్పాటులలో డ్రాగ్ అండ్ డ్రాప్ అని వెదకి, ఎడిటరునకు సంబంధించిన గడిలోని గుర్తును తీసివేసినచో చాలును; ఒక నిమిషము పని. కంప్యూటరు గదిని చూచుకొను ఉపాధ్యాయులు సంవత్సరారంభమున అన్ని యంత్రములపై ఈ పని చేయింతురని ఆశించుచున్నాము.

విద్యార్థులారా, పంక్తిని జరుపవలసివచ్చినచో కత్తిరించి అతికించుడు. లేదా ఆ ఎడిటరులోనే ఆల్ట్ మీటను నొక్కియుంచి పైబాణమునో క్రిందిబాణమునో నొక్కుడు. పంక్తి ఒక్కొక్క మెట్టుగా మీ కన్నుల యెదుటనే కదలును. ఫలితము వింతగా నున్నప్పుడు, మీ తెలివిని శంకించుటకు ముందు, మీ పంక్తులు మీరు వ్రాసిన చోటనే యున్నవేమో చూచుకొనుడు.