ఓనరు గారి ‘చూద్దాం’

అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళందరికీ ఈ మాట బాగా పరిచయం. కుళాయి కారుతోందంటే చూద్దాం. స్లాబు ఉరుస్తోందంటే చూద్దాం. అదే మనం ఐదో తారీఖు దాటాక అద్దె గురించి ‘చూద్దాం అంకుల్’ అని చూడండి, తెలుస్తుంది!

కూకట్‌పల్లిలో మేం ముగ్గురం ఉంటున్న ఇంట్లో, పై పోర్షన్ బాత్రూమ్ నీళ్ళు మా గోడలోకి దిగుతున్నాయి. పెచ్చులూడితే ఊడాయి, సర్దుకోవచ్చు. కానీ గీజరు వైరింగు కూడా ఆ గోడలోనే ఉంది. స్విచ్ బోర్డు మీద చెయ్యేస్తే జిమ్మంటోంది. అంకుల్‌కి మూడుసార్లు చెప్తే వచ్చిన సమాధానం: “మీ ముందున్నవాళ్ళు ఐదేళ్ళున్నారు బాబూ, ఒక్క కంప్లైంటు లేదు.” మన భాషలో, ‘వర్క్స్ ఆన్ మై మెషీన్’ అన్నమాట.

అంకుల్ సంగతి అటుంచండి, నాకు మన జనమే వింతగా అనిపిస్తారు. ఆఫీసులో ఒక బటన్ రెండు పిక్సెళ్ళు పక్కకి జరిగితే స్క్రీన్‌షాట్ తీసి, బగ్ వేసి, మేనేజర్ని సీసీలో పెడతాం. ఇంట్లో గోడ షాక్ కొడుతుంటే మాత్రం, మెట్ల మీద ఓనరు ఎదురైనప్పుడు నసుగుతూ ఓ ముక్క చెప్పి వచ్చేస్తాం. లేదా ఇల్లే మారిపోతాం. ఆ గోడ తర్వాత వచ్చేవాడికి మిగులుతుంది. భయం ఉత్తినే రాలేదులెండి. బ్యాచిలర్లకి ఇల్లు దొరకడమే గగనం, పైగా 11 నెలల అగ్రిమెంటు.  మళ్ళీ రాయాలా వద్దా అన్నది ఆయన చేతిలో పని.

అయినా చట్టంలో మనకీ కాస్త చోటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరుని నోటీసు ఇచ్చాక కూడా సమంజసమైన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు, అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఎవరి రిపేర్లు ఎవరివో జాబితాయే ఉంది. గీజరు, స్విచ్చులు, కుళాయి వాషర్లు మనవి. వైరింగు, పైపులు, గోడలకి సున్నం ఓనరువి. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేస్తేనే అమలౌతుంది. కానీ ఆ జాబితాని అగ్రిమెంటు వెనకాల జతచేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇల్లు ఖాళీగా ఉండి, ఓనరు మనకోసం ఎదురుచూస్తున్న రోజునే ఆ మాట అడగాలి. సామాను దించాక ఎవరూ వినరు.

మా గోడ సంగతికొస్తే, ఎలక్ట్రీషియన్ని పిలిపించాను. వైరు ఇన్సులేషన్ పోయింది, ఎర్తింగు లేదు అన్నాడు. అదే ఓ కాగితం మీద రాసిమ్మన్నాను. ఫోటోలు, ఆ కాగితం, పాత సంభాషణల తేదీలు కలిపి అంకుల్‌కి వాట్సాప్‌లో పంపి, ప్రింటు తీసి చేతికి కూడా ఇచ్చాను. “అంకుల్ గారూ, నమస్కారం” అనే మొదలుపెట్టాను, మర్యాదకేం లోటు చెయ్యలేదు. పదిహేను రోజుల్లో చేయించండి, లేదంటే నేనే చేయించి బిల్లు ఇచ్చి అద్దెలో తగ్గించుకుంటాను అని రాశాను.

“గీజరు మీరు పెట్టుకున్నదే కదా?” అన్నారు. గీజరు మాదే అంకుల్, వైరు గోడలో ఉంది అన్నాను. ఆయన రిటైరైన మనిషి, ఈ అద్దెలే ఆయనకి ఆధారం, కాదనను. కానీ రేపు ఎవరైనా ఆ బోర్డు ముట్టుకుని పోతే?

వారం రోజులు ఆంటీ మాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియను ముగ్గురూ కలిసి వచ్చారు. పై బాత్రూమ్ టైల్సు తీసి లీకు కట్టారు, వైరు మార్చారు, ఎర్తింగు ఇచ్చారు. గోడకి సున్నం ఇంకా వెయ్యలేదు. దానికి ఇంకో ఉత్తరం రాస్తున్నాను.