గృహవిజ్ఞానము: కంటికి కానరాని వెలుగు



గత మాసమున ఈ శీర్షికలో పప్పుదినుసులకు పురుగు పట్టకుండ నిలువచేయు విధములను ముచ్చటించుకొంటిమి. ఈ మాసము వెలుగును గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఇది బడి పుస్తకములకు చెందిన విషయమేగాని గృహిణులకు దీనితో పనియేమని కొందరు తలపవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే తలచియుంటిమి. ఆ తలంపు వలన మా యింటి పసివానికి కీడు కలిగెను. ఆ సంగతిని దాచక చెప్పి, పిమ్మట దాని కారణములను వివరించెదము.

2019వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ ఉదయమున సూర్యగ్రహణము సంభవించెను. కేరళ, తమిళనాడు మొదలగు ప్రాంతములలో కొన్ని చోట్ల సూర్యుడు ఉంగరమువలె కానవచ్చెను. మన తెలుగునాట కొంత భాగము మాత్రమే మరుగుపడెను. నాడు మా అత్తగారు తలుపులు మూయించి, నీళ్ళబిందెలలోను పచ్చళ్ళ జాడీలలోను దర్భలు వేయించి, పిల్లలెవ్వరును గడప దాటరాదని కట్టడి చేసిరి. సెలవులకు వచ్చియున్న మా ఆడపడుచు కుమారుడు, పదియేండ్లవాడు, మా కొంగు పట్టుకొని, "అత్తయ్యా, ఒక్కసారి చూసి వచ్చేస్తాను" అని బతిమాలెను.

బడిపంతులుగారి యింటివారము, నాలుగక్షరములు నేర్చినవారము అను అభిమానము మాకు కొంత గలదు. మామగారి మోకాలికి తీయించిన ఎక్సురే ఫిల్మును బీరువానుండి తీసి వాని చేతికిచ్చి, "దీని చాటునుండి చూడు, ఏమీ కాదు" అంటిమి. మేమును ఒక్క క్షణము చూచితిమి. మిరుమిట్లు గొలుపు సూర్యుడు ఆ నల్లని ఫిల్ము వెనుక చంద్రునివలె శాంతముగా నుండెను. కంటికి ఇంత హాయిగా నున్నప్పుడు హాని యేమి యుండునని తలచి మేము లోనికి పోతిమి. వాడు మేడమీద చాలసేపు నిలిచి చూచెను. ఆ దినమున వానికి నొప్పి లేదు, మంట లేదు.

మరునాటి ఉదయము కథల పుస్తకము తెరచి వాడు, "అత్తయ్యా, పదంలో నడిమి అక్షరం కనబడటం లేదు" అనెను. నేత్రవైద్యునికి చూపగా, కంటిలోని రెటీనా పొర నడిమిభాగమున కమిలినదనియు, దీనికి మందు లేదనియు, కాలమే కొంత సరిచేయవలెననియు చెప్పిరి. ఆరు మాసములలో చూపు చాలవరకు తిరిగివచ్చెను. కుడికంటిలో చిన్న మచ్చ మాత్రము నిలిచిపోయెను. చదువునప్పుడు పుటమీద చీమ వ్రాలినట్లు ఇప్పటికిని కనబడునని వాడు చెప్పును.

నల్లని ఫిల్ము అడ్డముండగా కన్ను ఎట్లు కమిలెను? ఈ ప్రశ్న మమ్ము చాలకాలము వేధించెను. మావారి బీరువాలోని పుస్తకములు తిరుగవేసి, తెలిసినవారిని అడిగి, మేము గ్రహించిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

బాల్యమున మా తండ్రిగారు మాచేత అమరకోశము వల్లింపజేసిరి. అందు సూర్యునికి గల నామములలో సప్తాశ్వుడు, ఉష్ణరశ్మి, సహస్రాంశుడు అనునవి గలవు. పూర్వులు నేటి శాస్త్రమును ముందే ఎరిగిరని మేము చెప్పబోము, అది న్యాయము కాదు. కాని ఈ విషయమును జ్ఞాపకముంచుకొనుటకు ఆ మూడు పేర్లు మాకు మిక్కిలి తోడ్పడినవి.

సప్తాశ్వుడనగా ఏడు గుఱ్ఱములు గలవాడు. మన కన్ను చూడగల వెలుగును ఇంద్రధనుస్సులో ఏడు రంగులుగా లెక్కించుచున్నాము. వెలుగు తరంగరూపమున పయనించును. చెరువులో రాయి వేసినప్పుడు లేచు అలలలో ఒక శిఖరమునుండి మరియొక శిఖరమునకు గల దూరమును తరంగదైర్ఘ్యమందురు. ఎర్రని వెలుగు తరంగములు ఒక మిల్లీమీటరు దూరములో సుమారు 1,400 ఇముడును, ఊదా రంగువి సుమారు 2,500 ఇముడును. ఈ రెంటి నడుమ నున్నదే మన కంటి రాజ్యము.

ఉష్ణరశ్మి యనగా వేడి కిరణములవాడు. 1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజు పట్టకము గుండ ప్రసరింపజేసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి వేడిని కొలుచుచుండెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును లేని చోట ఉంచిన ఉష్ణమాపకము మిక్కిలి వేడెక్కెను. అచ్చట కంటికి కానరాని వెలుగున్నదని ఆయన గ్రహించెను. దానినే పరారుణ కిరణములందుము. భూమిమీదికి చేరు సూర్యశక్తిలో దాదాపు సగము ఇదియే. మరుసటి సంవత్సరము జర్మనీలో రిట్టర్ అను నాతడు ఊదా రంగునకు ఆవల వెండి లవణమును వేగముగా నల్లబరచు కిరణములను కనుగొనెను. అవి అతినీలలోహిత కిరణములు.

ఇక సహస్రాంశుడనగా వేయి కిరణములవాడు. పరారుణము కంటె దీర్ఘమైన తరంగములు మైక్రోవేవులు, వానికంటె దీర్ఘమైనవి రేడియో తరంగములు. అతినీలలోహితము కంటె హ్రస్వమైనవి ఎక్సుకిరణములు, వానికంటె హ్రస్వమైనవి గామాకిరణములు. ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. శూన్యములో అన్నియు క్షణమునకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతోనే పోవును. వీనికి విద్యుదయస్కాంత తరంగములని పేరు. మన కన్ను చూచునది ఈ వంశమునందలి ఒక్క చిన్న శాఖను మాత్రమే.

వెలుగు ఒక పదార్థమును తాకినప్పుడు ముఖ్యముగా మూడు పనులు జరుగును. కొంత వెనుకకు మరలును, కొంత ఆ పదార్థములో ఇంకిపోయి వేడియగును, కొంత ఆవలికి దాటును. దాటునప్పుడు వేగము మారుటచే దారి వంగును. నీళ్ళ గ్లాసులోని చెంచా విరిగినట్లు కనబడుట ఇందువలననే. పసుపు ఊదా నీలపు వెలుగులను పీల్చుకొని మిగిలినవానిని మరలించును గనుక పసుపుపచ్చగా నుండును.

ఇచ్చట సోదరీమణులు ముఖ్యముగా గమనింపవలసినది యొకటి గలదు. "ఈ వస్తువు పారదర్శకము, ఈ వస్తువు కాదు" అని మనము తేలికగా చెప్పుచుందుము. ఏ వెలుగునకు పారదర్శకమో చెప్పనిదే ఆ మాటకు అర్థము లేదు. కిటికీ గాజు మన కంటికి లేనట్లే యుండును. సూర్యుని వెలుగు దానిగుండ లోనికి వచ్చి ఆసనములను వేడిచేయును. ఆ వేడి వస్తువులనుండి వెలువడు దీర్ఘమైన పరారుణమునకు మాత్రము అదే గాజు గోడవంటిది. అద్దములు మూసి ఎండలో నిలిపిన కారు కొలిమివలె కాగుటకు ఇదియొక కారణము. పసిపిల్లలను అందులో ఒక నిమిషమైనను విడువరాదు.

మైక్రోవేవు పొయ్యి గలవారు దాని తలుపును చూడుడు. గాజులోపల సన్నని రంధ్రములు గల లోహపు జాలి యుండును. పొయ్యిలోని తరంగముల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అంతటి తరంగము ఆ చిన్న రంధ్రములలో దూరి బయటికి రాజాలదు. వెలుగు తరంగము మిక్కిలి సూక్ష్మమగుటచే సులభముగా వచ్చును. కావుననే లోపల కాగుచున్న పాలను మనము సుఖముగా చూడగలుగుచున్నాము. జాలి చినిగిన పొయ్యిని వాడరాదు.

ఎక్సుకిరణముల సంగతి ఇంకను విచిత్రము. 1895వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరమున వాటిని కనుగొన్న రాంట్‌జెన్ పండితుడు తన భార్య బెర్తాగారి చేతి ఛాయను తీసెను. మాంసము గుండ కిరణములు చాలవరకు దాటిపోయెను, ఎముకలు కొంత ఆపెను, వ్రేలి ఉంగరము మరింత ఆపెను. కంటికి చేయి యంతయు ఒకే తీరుగా నున్నను, ఆ కిరణములకు మూడు తీరులుగా తోచినది.

ఇక మా ఫిల్ము మాట. వైద్యునియొద్దనుండి వచ్చిన దినముననే మేమొక పరీక్ష చేసితిమి. టి.వి. రిమోటు మాటలాడునది పరారుణ కిరణములతోనే. ఆ ఫిల్మును రిమోటు ముందు అడ్డముగా బట్టి మీట నొక్కితిమి. టి.వి. వెలిగెను. మా కంటికి నల్లగా నున్న తెర ఆ కిరణములకు త్రోవ విడిచినది! ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

జరిగినదేమో ఇప్పుడు మీకే తెలియును. ఫిల్ము కనబడు వెలుగును కొంత తగ్గించెను, కాని చాలినంత తగ్గింపలేదు. అదియు అంతటను ఒక్క తీరున నల్లగా నుండదు. ఎముక నీడ పడిన చోట తెల్లగా, పలుచగా నుండును. కానరాని పరారుణమును ఎంత ఆపునో దాని నలుపును చూచి చెప్పుటకు వీలులేదు. చీకటియైనదని తలచి కంటిపాప విశాలమై, ఆ కిరణములకు తలుపు మరింత తెరచెను. భూతద్దము ఎండను ఒకచోట గూర్చి కాగితమును కాల్చునట్లు, కంటిలోని కటకము ఆ వెలుగునంతయు రెటీనా నడిమి బిందువునందు గూర్చెను. కనబడు వెలుగులోని నీలము అచ్చట రసాయనికముగా చెరుపు చేయగా, పరారుణము వేడిని చేర్చెను. రెటీనాకు నొప్పి తెలియు నరములు లేవు. కావున బాలుడు కేక వేయలేదు, మేము పరుగెత్తలేదు.

మసిపట్టిన గాజు, మామూలు చలువ కళ్ళద్దములు, పాత నెగెటివులు కూడ ఇట్టివే. కొందరు పళ్ళెములో పసుపు నీళ్ళు పోసి అందులో గ్రహణమును చూచుచుందురు. సూర్యుడు నడినెత్తిన నున్నప్పుడు నీరు నూటికి సుమారు 2 వంతుల వెలుగును మరలించును. గ్రహణ వీక్షణమునకు ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణము ననుసరించిన కళ్ళద్దములు కనబడు వెలుగులో 30,000 వంతులలో సుమారు ఒక వంతునకు మించి దాటనీయవు. అనగా పళ్ళెములోని సూర్యుడు అంతకు కనీసము ఆరువందల రెట్లు ప్రకాశవంతుడు. ఐ.ఎస్.ఓ. 12312-2 అను ఆ ప్రమాణపు ముద్ర గలవానిని నమ్మదగినవారియొద్ద కొని, గీతలుగాని చిల్లులుగాని లేవని పరీక్షించి వాడవలెను. నిత్యము ఎండకు ధరించు నల్లద్దములు కొనునప్పుడు రంగును గాక యు.వి. 400 అను గుర్తును చూడవలెను. అతినీలలోహితమును ఆపని నల్లద్దము కంటిపాపను విప్పార్చి మేలునకు మారుగా కీడు చేయవచ్చును.

ఖర్చులేని ఉపాయమును ఒకటి గలదు. సూర్యునికి వీపు చూపి నిలిచి, వంటయింటి చిల్లుల గిన్నెను ఎండకు బట్టి, రెండు మూడడుగుల దూరముననున్న గోడపై పడు వెలుగు చుక్కలను చూడవలెను. ప్రతి చుక్కయు గ్రహణము పట్టిన సూర్యుని ప్రతిబింబమే. రంధ్రములగుండ సూర్యుని వైపు మాత్రము చూడరాదు.

2022వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన, దీపావళి మరునాడు, సాయంకాలపు గ్రహణము వచ్చెను. నాడు ఆ బాలుడే చిల్లుల గిన్నెను పట్టుకొని మా వసారాలో నిలిచెను. పడమటి ఎండ గోడమీద పదుల కొలది చిన్న చిన్న నెలవంకలను వ్రాసెను. "అమ్మమ్మా, అక్కడి నుంచే చూడు" అని వాడు పిలువగా, మా అత్తగారు గడప దాటకయే తలుపుచాటునుండి చాలసేపు చూచి, "బాగున్నాయిరా" అనిరి.

ఆమె మమ్ము ఎన్నడును నిష్ఠురమాడలేదు. కారణము తెలియకయే ఆమె వలదనిరి. కారణము తెలియకయే మేము పరవాలేదంటిమి. ఇరువురిలో ఆమె మాటయే ఆనాడు బిడ్డ కన్నును కాపాడగలిగి యుండెడిది. గ్రహణకాలమున తినుట, వండుట, గర్భిణులు తిరుగుట హానికరమని చూపు ఆధారమేదియు మాకు కనబడలేదు. సూర్యుని తేరిచూడరాదన్న మాట మాత్రము ముమ్మాటికి నిజము, అది గ్రహణము లేని నాడును నిజమే. సోదరీమణులు తమ యిండ్లలో దాచిన ఎక్సురే ఫిల్ములను పిల్లలకు అందనిచోట ఉంచి, ఈ సంగతిని వారికి ముందుగనే చెప్పియుంచ ప్రార్థన.