ఎర్రబుగ్గ పోయింది.. లాగ్‌బుక్‌ ఉంది!

మా పెద్దనాయన నంద్యాలలో ఒక సర్కారు ఆఫీసులో డ్రైవరు. రిటైరై చాన్నాళ్లయింది. ఇప్పటికీ రోడ్డు మీద ఏదైనా ప్రభుత్వ బండి కనబడితే చాలు, మనిషిని చూడడు. టైర్లు చూస్తాడు. ఆ తర్వాత ఒకటే మాట అంటాడు: ‘‘లాగ్‌బుక్‌లో ఏం రాస్తాడో పాపం!’’

ఆ మాట నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఆళ్లగడ్డలో మా వీధి పిల్లలకు కారంటే ఒకటే లెక్క. నెత్తిన ఎర్రబుగ్గ ఉందా, లేదా? ఉంటే ‘‘బుగ్గ కారొచ్చిందిరోయ్‌!’’ అని అరుస్తూ దాని వెనక పరిగెత్తేవాళ్లం. లోపల ఉన్నది మంత్రో, కలెక్టరో, అహోబిలం దర్శనానికి వచ్చిన ఇంకెవరో మాకనవసరం. తెల్ల అంబాసిడర్‌, అద్దాలకు కర్టెన్లు, వెనక సీటు మీద తెల్ల టర్కీ టవల్‌, పైన గిర్రున తిరిగే ఎర్రలైటు. అధికారం అంటే మాకదే.

మీలో చాలామంది అంబాసిడర్‌ ఎక్కి ఉండరు. సినిమాల్లో చూసుంటారు. విలన్‌ మంత్రి అయితే అందులోంచే దిగుతాడు. కానీ ఆ కారు కథలో మన నంద్యాలకు ఒక పెద్ద పాత్ర ఉంది. అది తెలిస్తే మీకూ సరదాగా ఉంటుంది.

పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో

అంబాసిడర్‌ మన కారే అనుకుంటాం కానీ, దాని అసలు రూపం మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ సిరీస్‌ 3. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌ పక్కనుండే కౌలీలో తయారయ్యేది. దాన్నే హిందుస్థాన్‌ మోటార్స్‌ వాళ్లు తెచ్చుకుని, కలకత్తా దగ్గర ఉత్తరపారా ఫ్యాక్టరీలో 1957 నుంచి అంబాసిడర్‌ పేరుతో చేయడం మొదలుపెట్టారు. ముందు మూతి, వెనక దీపాలు అప్పుడప్పుడూ మారాయి. ఆకారం మాత్రం 2014 మే నెలలో ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా దాదాపు అదే.

తమాషా ఏమిటంటే, పుట్టింటి దగ్గర అది మామూలు మధ్యతరగతి కుటుంబాల కారు. ఇక్కడికొచ్చాక దొరబాబు అయింది! మనకు కార్లు తక్కువ, కంపెనీలు ఇంకా తక్కువ. బయటి నుంచి కారు తెచ్చుకోవాలంటే సవాలక్ష అడ్డంకులు. కొత్తగా కార్ల ఫ్యాక్టరీ పెట్టాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి. మన రోడ్ల గుంతల్ని తట్టుకునే గట్టి బండి, వెనక ముగ్గురు కాళ్లు చాపుకుని కూర్చునేంత చోటు. అంతే, ప్రధాని నుంచి జిల్లా ఆఫీసరు దాకా అందరికీ అదే.

మరి మనకు ఈ కారిచ్చిన బ్రిటన్‌లో మంత్రులు దేంట్లో తిరిగేవారు?

అక్కడో మంచి కథ ఉంది. 1945 జూలై 26. ఎన్నికల్లో ఓడిన చర్చిల్‌ రాజుగారికి రాజీనామా ఇవ్వడానికి డ్రైవరు నడిపే రోల్స్‌ రాయిస్‌లో వెళ్లాడు. కాసేపటికి కొత్త ప్రధాని అట్లీ అదే ప్యాలెస్‌కి వచ్చాడు. ఆయన వచ్చింది ఇంట్లో వాడుకునే చిన్న స్టాండర్డ్‌ టెన్‌లో. స్టీరింగ్‌ పట్టింది ఆయన భార్య వయొలెట్‌. మనకు స్వాతంత్య్రం వచ్చినప్పుడు అక్కడ ప్రధాని ఈ అట్లీనే.

ఆ అట్లీ కాలంలోనే, 1946లో మంత్రుల కోసం ప్రభుత్వ కార్ల సర్వీసు మొదలైంది. తర్వాత రోవర్‌ పీ5 అక్కడి అంబాసిడర్‌ అయింది. విల్సన్‌, హీత్‌, క్యాలహాన్‌ అందరూ అందులోనే తిరిగారు. 1973లో ఆ మోడల్‌ తయారీ ఆగిపోయినా, ప్రభుత్వం ముందే కొన్ని కొని పక్కన పెట్టుకుంది. 1979 మే 4న థాచర్‌ ప్రధానిగా డౌనింగ్‌ స్ట్రీట్‌కి వచ్చి దిగింది రోవర్‌లోంచే. తర్వాత జాగ్వార్‌లు వచ్చాయి.

2010లో మాత్రం అక్కడ ఒక మార్పు జరిగింది. ఖర్చు తగ్గించాలని, ‘మంత్రి అయితే చాలు ఒక కారు, ఒక డ్రైవరు రాసిచ్చేస్తాం’ అనే పద్ధతికి కోత పెట్టారు. కొన్ని కార్లు ఒకచోట ఉంటాయి, అవసరమైనవాళ్లు పిలిపించుకోవాలి. ఇంటి నుంచి ఆఫీసుకి ప్రభుత్వ కారులో వెళ్లాలంటే కూడా, దార్లో రహస్య ఫైళ్లు చూసుకునే పని ఉండాలని వాళ్ల మంత్రుల నియమావళి చెబుతుంది. అంటే కారిచ్చేది మనిషి హోదా చూసి కాదన్నమాట, చేతిలో ఉన్న పని చూసి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అంబాసిడర్‌ రాజ్యానికి ఎసరు పెట్టింది మనోళ్లే!

నంద్యాల చిన్న ఊరే. కానీ ఈ లోక్‌సభ సీటు చరిత్ర మామూలుగా ఉండదు.

1977లో ఎమర్జెన్సీ తర్వాత జరిగిన ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 42 సీట్లలో 41 కాంగ్రెస్‌ గెలిచింది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. జనతా పార్టీ తరఫున గెలిచినాయన నీలం సంజీవరెడ్డి. మార్చిలో ఎంపీ, ఆ వెంటనే లోక్‌సభ స్పీకర్‌, జూలై 25న రాష్ట్రపతి! నాలుగు నెలల్లో నంద్యాల ఎంపీ, నంబర్‌ ప్లేటు బదులు అశోక చిహ్నం ఉండే కారెక్కాడు.

మళ్లీ 1991. పి.వి. నరసింహారావు జూన్‌ 21న ప్రధాని అయ్యారు కానీ అప్పటికి ఆయన ఎంపీ కాదు. ఆరు నెలల్లోగా గెలవాలి. గంగుల ప్రతాపరెడ్డి సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్‌ పోటీ పెట్టలేదు. నవంబర్‌ ఉపఎన్నికలో పీవీ 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. గిన్నిస్‌ రికార్డుల్లోకి ఎక్కిన గెలుపు అది.

ఇప్పుడు అసలు పాయింటుకొద్దాం. 1993లో ఆ నంద్యాల ఎంపీగారి ప్రభుత్వమే కార్ల తయారీకి లైసెన్సు నిబంధన ఎత్తేసింది. తలుపులు తెరుచుకున్నాయి. దేవూ, ఫోర్డ్‌, హ్యుందాయ్‌.. ఒక్కొక్కరే దిగారు. అప్పటికే మారుతీతో పోటీ పడలేకపోతున్న అంబాసిడర్‌కు ఇక ఊపిరాడలేదు. పీవీ మాత్రం అంబాసిడర్‌లోనే తిరిగారు. ప్రధాని కాన్వాయ్‌లోకి బీఎండబ్ల్యూలు వచ్చింది వాజ్‌పేయి హయాంలో. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటారే, పీవీ తాను కూర్చున్న కారు రాజ్యాన్నే కూల్చేశారు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో కొత్త కార్లు బయటికొస్తుంటే మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం కదా. ఆ దారికి మొదటి గేటు తీసింది 1993లోనే.

అంబాసిడర్‌ పేరును చివరికి 2017లో 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్‌ కంపెనీ పెజో కొనుక్కుంది.

బుగ్గ కథ

కారు మారింది సరే, బుగ్గ మాత్రం పోలేదు. పైగా పెరిగింది. ఎవరు పడితే వాళ్లు పెట్టుకోవడం మొదలుపెట్టారు. 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో గట్టిగా చెప్పింది. రాజ్యాంగ పదవుల్లో ఉన్న పెద్దలకే ఎర్రలైటు, మిగతావాళ్లు తీసేయాలని. ఆ తర్వాత 2017 ఏప్రిల్‌ 19న కేంద్ర కేబినెట్‌ ఇంకో అడుగు వేసి, మే 1 నుంచి అసలు ఎవరికీ వద్దంది. రాష్ట్రపతి, ప్రధాని సహా. అంబులెన్సు, ఫైరింజన్‌, పోలీసు లాంటి అత్యవసర బండ్లకే లైట్లు.

మనవైపు ఇంకో సంగతి. ఆళ్లగడ్డ ఎమ్మెల్యే భూమా అఖిలప్రియ రాష్ట్ర మంత్రిగా ప్రమాణం చేసింది అదే ఏడాది ఏప్రిల్‌ 2న. అంటే ఆళ్లగడ్డకు మంత్రి పదవి వచ్చి నెల తిరగకముందే దేశంలో ఎర్రబుగ్గ శకమే ముగిసింది. మా వీధి పిల్లలకు ఇక పరిగెత్తడానికి ఏమీ మిగల్లేదు!

అదే ఆగస్టులో నంద్యాల అసెంబ్లీ ఉపఎన్నిక. రాష్ట్రమంతా ఇటే చూసింది. అప్పుడు మరో రూలు జనం నోళ్లలో నలిగింది. ఎన్నికల కోడ్‌ వచ్చిందంటే మంత్రి తన ప్రభుత్వ కారును ఇంటి నుంచి ఆఫీసుకి, అదీ ఆఫీసు పనికే వాడాలి. ప్రచారానికి సొంత బండో, పార్టీ బండో చూసుకోవాలి. చూశారా, బ్రిటన్‌ వాళ్ల ‘ఫైలు ఉంటేనే కారు’ సూత్రం మన దగ్గరా ఉంది. కాకపోతే ఎన్నికలప్పుడే గుర్తొస్తుంది.

పెద్దనాయన లాగ్‌బుక్‌

డిగ్రీ రోజుల్లో ఒకసారి పరీక్ష రాయడానికి ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో పోతున్నా. నలభై కిలోమీటర్ల దారి. ఊరి మొదట్లో బస్సు ఆపేశారు. ఎవరో పెద్దాయన వస్తున్నాడట. ఐదు నిమిషాలన్నది ఇరవై ఐదైంది. హాల్లోకి చెమటలు కక్కుకుంటూ వెళ్లేసరికి పక్కవాడు మొదటి ప్రశ్న ముగించేశాడు. వెళ్లింది ఎవరో ఈరోజుకీ తెలీదు.

సాయంత్రం పెద్దనాయన ఇంట్లో కూర్చుని ఆ బుగ్గ కార్లను తిడుతున్నా. ఆయన నవ్వాడు.

‘‘లైటును తిడితే ఏమొస్తాది నాయనా? లైటు పీకేస్తే సైరన్‌ ఉంటాది. సైరన్‌ పీకేస్తే ముందు బండి, వెనక బండి ఉంటాయి. అడగాల్సింది అది కాదు.’’

‘‘మరేంది పెద్దనాయనా?’’

‘‘బండి యాడికి పోయింది, ఎందుకు పోయింది. అదీ అడగాల్సింది.’’

అప్పుడు చెప్పాడు లాగ్‌బుక్‌ సంగతి. ప్రతి సర్కారు బండికీ ఒకటి ఉంటుంది. తేదీ, బయల్దేరినప్పుడు మీటరు ఎంత, వచ్చాక ఎంత, యాడి నుంచి యాడికి, ఎంత డీజిలు పోశారు. ఆ పక్కన ‘ప్రయాణం ఎందుకు’ అని ఒక గడి. చివర్న ఆఫీసరు సంతకం.

‘‘మిగతా గడులన్నీ నిజమే ఉంటాయి. మీటరు అబద్ధం చెప్పదు. ఆ ఒక్క గడిలోనే అన్నీ ‘తనిఖీ’లే. గుడికి పోయినా తనిఖీ, పెళ్లికి పోయినా తనిఖీ. నేను ఒక్కసారి నిజం రాసినా. ‘సొంత పని’ అని. నెల రోజులు బండి తాళాలు నా చేతికియ్యలే. ఆఫీసు గేటు కాడ కుర్చీ ఏసుకోని కూసున్నా.’’

‘‘ఎందుకు రాసినావు మరి?’’

‘‘ఆ డీజిలు మనదే కదరా. మీ నాయన కొన్న అగ్గిపెట్టె మీద పన్ను కూడా అందులో ఉండాది.’’

లాల్‌బహదూర్‌ శాస్త్రి ప్రధానిగా ఉన్నప్పటి ముచ్చట ఒకటి ఆయన కొడుకులు చెబుతుంటారు. పిల్లలు సరదాగా ప్రభుత్వ ఇంపాలా కారు తీసుకుని తిరిగొచ్చారు. మర్నాడు శాస్త్రిగారు డ్రైవర్ని పిలిచి లాగ్‌బుక్‌ రాస్తావా అని అడిగారు. రాస్తానన్నాడు. ఎంత తిరిగింది? 14 కిలోమీటర్లు. అయితే ‘సొంత వాడకం’ అని రాయించి, కిలోమీటరుకు 7 పైసల చొప్పున ప్రభుత్వానికి కట్టించారట. ఆయన సొంత ఫియట్‌ కొనుక్కోవడానికి బ్యాంకులో 5 వేలు అప్పు చేసిన మనిషి. 1966 జనవరిలో తాష్కెంట్‌లో చనిపోయే నాటికి ఆ అప్పు తీరలేదు. తర్వాత భార్య లలితా శాస్త్రి పింఛను డబ్బుల్లోంచి తీర్చారు. ఆ ఫియట్‌ ఇప్పటికీ ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది.

ఈ కథ విన్నప్పుడు అందరూ శాస్త్రిగారికి దండం పెడతారు. నాకు మాత్రం ఆ డ్రైవరు గుర్తొస్తాడు. ప్రధాని అడిగితే ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పగలిగాడు. మా పెద్దనాయన ఒక్క మాట నిజం రాస్తే గేటు దగ్గర కూర్చున్నాడు. తేడా కార్లలో లేదు. ఆ గడిలో నిజం రాసినవాడికి ఏం జరుగుతుందన్న దాంట్లో ఉంది.

మీ చేతిలో ఉన్న పది రూపాయలు

బుగ్గ కార్లు పోయాయి. ఇప్పుడన్నీ పెద్ద పెద్ద ఎస్‌యూవీలు. రీల్స్‌లో కాన్వాయ్‌ వీడియోలకు మాస్‌ పాట పెడితే లక్షల వ్యూస్‌. నేనూ చూస్తా, దాచుకోవడం దేనికి? కానీ చూసేటప్పుడు పెద్దనాయన ప్రశ్న కూడా ఒకసారి వేసుకోండి. ఇది ఎందుకు పోతోంది?

ఆ ప్రశ్న ఊరికే వేసుకోవడమే కాదు, కాగితం మీద అడగొచ్చు కూడా. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం తీసి చూడండి. ‘సమాచారం’ అంటే ఏమేమిటో చెప్పే సెక్షన్‌ 2(ఎఫ్‌)లో రికార్డులు, ఉత్తర్వులతో పాటు లాగ్‌బుక్‌ అనే మాట ఉంది. పేరు పెట్టి మరీ రాశారు! మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసైతే దరఖాస్తుకు 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10. సమాధానానికి 30 రోజుల గడువు. భద్రత కారణాలున్న బండ్ల వివరాలు ఇవ్వకపోవచ్చు. కానీ మీ ఊరి ఆఫీసు ముందు ఆగి ఉండే మామూలు బండి లాగ్‌బుక్‌ అడగడానికి మీకు హక్కుంది.

మొన్న ఈ సెక్షన్‌ ఫోన్‌లో తీసి పెద్దనాయనకు చదివి వినిపించా. రెండుసార్లు చదివించుకున్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి అన్నాడు:

‘‘ఎవరో ఒకరు అడుగుతారని తెలిసుంటే, ఆ గడి అందరం నిజమే రాసేవాళ్లం కదరా.’’